ఇండియానాలో ఒక చిన్న ఊరు, విశాఖలో మన వన్‌టౌను: పురపాలక చరిత్ర గురించి ఒక ప్రశ్న

కోటవీధి మాస్టారు అడిగిన ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను విశాఖపట్నం వన్‌టౌనులో పుట్టి పెరిగి, ముప్పై రెండేళ్లు సాంఘికశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. మా అబ్బాయి అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ అనే పట్టణంలో ఇంజనీరుగా పనిచేస్తున్నాడు. కిందటి ఏడాది నేనూ మా ఆవిడా అక్కడ అయిదు నెలలు ఉండి వచ్చాము. కొలంబస్ అనగానే చాలామంది ఒహాయో రాష్ట్ర రాజధాని అనుకుంటారు కనుక ముందే చెబుతున్నాను, ఇది అది కాదు. ఇండియానాపొలిస్‌కు దక్షిణంగా కారులో గంట ప్రయాణం దూరాన, మొక్కజొన్న చేల నడుమ ఉన్న చిన్న ఊరు. జనాభా సుమారు 50,000.

అటువంటి ఊళ్లో అయిదు నెలలు పొద్దు ఎలా గడుస్తుందా అని బయలుదేరే ముందు దిగులుపడ్డాను. తీరా వెళ్లాక ఉదయపు నడకలో అడుగడుగునా ఏదో ఒక కట్టడం ముందు ఆగిపోవలసి వచ్చేది. ఊరి గ్రంథాలయాన్ని రూపొందించినవాడు ఐ.ఎం.పేయ్. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం ముంగిట గాజు పిరమిడ్‌ను రూపొందించిన వాస్తుశిల్పి ఆయనే. గ్రంథాలయం ఎదుట హెన్రీ మూర్ చేసిన కంచు తోరణం ఉంది. పిల్లలు దాని కాళ్ల మధ్య దాగుడుమూతలు ఆడుతూ ఉంటారు. వీధి దాటితే ఎలియెల్ సారినెన్ అనే వాస్తుశిల్పి రూపొందించగా 1942లో పూర్తయిన చర్చి కనిపిస్తుంది. చివరకు ఒక అగ్నిమాపక కేంద్రానికి కూడా రాబర్ట్ వెంటురి అంతటి పేరున్న వాస్తుశిల్పి నమూనా గీశాడని తెలిసినప్పుడు నాకు నవ్వు వచ్చింది. ఫైరింజను నిలిపే షెడ్డుకు అంత పెద్దమనిషి ఎందుకు అనిపించింది.

1981లో కట్టిన సిటీ హాలు ముందు భాగంలో రెండు పొడవాటి ఇటుక దూలాలు రెండు వైపుల నుంచి చేతులు చాచినట్టు వచ్చి, కలవబోయి, కలవకుండానే ఆగిపోతాయి. ఒక సాయంత్రం మా అబ్బాయిని వెంటబెట్టుకుని కౌన్సిల్ సమావేశానికి వెళ్లి వెనుక వరసలో కూర్చున్నాను. మీరెవరు, ఏం పని మీద వచ్చారు అని ఎవరూ అడగలేదు. ఆ రోజు చర్చించబోయే అంశాల కాగితం గుమ్మం దగ్గరే పెట్టి ఉంది. నేను విన్న చర్చలో గొప్ప విషయాలేవీ లేవు. కాలిబాట మరమ్మతు, ఒక స్థలం వినియోగం మార్పు, అంతే. కానీ మాట్లాడిన ప్రతివారి మాటా ఒకావిడ శ్రద్ధగా రాసుకుంటూ ఉండడం చూసి, ఇరవై ఏళ్ల తరువాత ఈ కాలిబాట చరిత్ర కావాలన్నవారికి అది దొరుకుతుంది కదా అనుకున్నాను.

ఇక నా సందేహాలు. మొదటిది, కొలంబస్‌లో ఇదంతా పురపాలక సంఘం చేసిందా, అక్కడి ఇంజన్ల కంపెనీ కమిన్స్ చేసిందా? కంపెనీయే చేసి ఉంటే, అది మన జమీందారులు చేసిన దానికంటే ఏ విధంగా వేరు? మన ఊరికి దాతలు తక్కువేమీ కాదు. వన్‌టౌనులోని టౌన్‌హాలు బొబ్బిలి రాజావారి విరాళంతో లేచినది. గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో నక్షత్రాలను పరిశీలించే వేధశాల పెట్టారు. అంకితం వారి దాతృత్వం ఏ.వి.ఎన్. కళాశాల పేరులోనే ఉంది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల చొప్పున ఇచ్చారు. ఇంతమంది ఇచ్చినా మన పాతపట్నం గురించి చెప్పవలసి వచ్చినప్పుడు ‘ఒకప్పుడు ఉండేది’ అనే మాటతోనే ఎందుకు మొదలుపెట్టవలసి వస్తోంది?

రెండవది సొంత పని. మా వీధి చరిత్రను బడిపిల్లల కోసం నలభై పేజీల పుస్తకంగా రాయాలని సంకల్పించాను. కుళాయి ఎప్పుడు వచ్చింది, దీపం ఎప్పుడు వెలిగింది, వీధికి పేరు ఎవరు పెట్టారు అనేవి నాకు కావలసిన సంగతులు. అందుకు పాత మునిసిపల్ రికార్డులు ఎక్కడ వెతకాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.


హాక్రీక్ గట్టువాసి జవాబు

మాస్టారు గారికి నమస్కారం. మాది గాజువాక. పద్నాలుగేళ్లుగా కొలంబస్‌లోనే ఉంటున్నాను. మీరు నడిచిన దారుల్లోనే నేనూ రోజూ నడుస్తాను కాబట్టి మీ మొదటి సందేహానికి నాకు తెలిసినంత చెబుతాను.

ఊరు 1821లో పుట్టింది. మొదట జనరల్ జాన్ టిప్టన్ పేరు మీద టిప్టోనా అన్నారు. కొద్ది వారాలకే ఆ పేరు తీసేసి కొలంబస్ అని పెట్టారు. టిప్టన్ గారికి దాని మీద కోపం వచ్చిందని ఇక్కడివారు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. కమిన్స్ కంపెనీ 1919లో మొదలైంది. మెకానిక్ క్లెస్సీ కమిన్స్‌కు ఊరి బ్యాంకరు డబ్ల్యు.జి.ఇర్విన్ పెట్టుబడి పెట్టాడు. ఆ కుటుంబంలోని తరువాతి తరం వాడైన జె.ఇర్విన్ మిల్లర్ దగ్గర మీ ప్రశ్నకు జవాబు ఉంది.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక ఇక్కడ బడి ఈడు పిల్లలు ఒక్కసారిగా పెరిగారు. బడులు త్వరగా, చవకగా కట్టవలసి వచ్చింది. అప్పుడు మిల్లర్ పాఠశాలల బోర్డు ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు. మేము సూచించే మంచి వాస్తుశిల్పుల జాబితాలో నుంచి మీకు నచ్చినవారిని మీరే ఎంచుకోండి, వారి రుసుము మాత్రం కంపెనీ ఫౌండేషన్ చెల్లిస్తుంది అన్నది దాని సారాంశం. ఆ పద్ధతిలో మొదట వచ్చినది 1957లో హ్యారీ వీస్ రూపొందించిన ప్రాథమిక పాఠశాల. తరువాత అగ్నిమాపక కేంద్రాలకూ ఇతర ప్రజా భవనాలకూ ఈ ఏర్పాటును విస్తరించారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి మాస్టారూ. ఫౌండేషన్ ఇచ్చినది గీత గీసినవాడి కూలి మాత్రమే. సిమెంటు, ఇనుము, ఇటుక, మేస్త్రీల ఖర్చంతా ఆ బోర్డులే భరించుకోవాలి. అంటే పన్నులు కట్టేవారిని ఒప్పించాలి, సమావేశంలో వాదించుకోవాలి, తీర్మానం చేయాలి. కాబట్టి భవనం లేచేసరికి అది కంపెనీ వేసిన భిక్ష కాదని, తాము కట్టుకున్నదేనని జనం అనుకోగలిగారు. కట్టిన తరువాత పైకప్పు కారితే ఎవరు బాగు చేయించాలి అన్న సందేహమే రాలేదు. బొబ్బిలివారి టౌన్‌హాలుకూ దీనికీ తేడా నా దృష్టిలో అదే. మన దగ్గర దాత కట్టించి అప్పగించాడు, ఊరు చేతులు కట్టుకుని పుచ్చుకుంది. నా అభిప్రాయం తప్పయితే సరిదిద్దండి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇక్కడ పాలన అంతా ఒకే చోట లేదు. నగరానికి మేయరు, కౌన్సిల్ ఉన్నారు; నాలుగేళ్లకు ఒకసారి ఎన్నికలు జరుగుతాయి. దాని చుట్టూ ఉన్న బార్తొలోమ్యు కౌంటీకి వేరే కమిషనర్లు ఉన్నారు. మన కమిషనరు గారిలా ఐఏఎస్ అధికారులు కారు, ఓట్లతో గెలిచి వచ్చినవారు. బడులకు ఒక బోర్డు, గ్రంథాలయానికి మరో బోర్డు విడిగా ఉన్నాయి. ఒక్కొక్కరి డబ్బు సంచీ వేరు, సమావేశంలో జరిగినది రాసిపెట్టే మినిట్స్ పుస్తకం వేరు. ప్రజా సంస్థల సమావేశాలకు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని 1977లోనే ఇండియానా రాష్ట్రం చట్టం చేసింది. మిమ్మల్ని ఎవరూ అడగకపోవడానికి కారణం వారి మర్యాద ఒక్కటే కాదు, ఆ చట్టం కూడా.

గ్రంథాలయానికి పెట్టిన పేరు మీరు గమనించారో లేదో, క్లియో రోజర్స్. ఆమె మహారాణీ కాదు, కోటీశ్వరురాలూ కాదు. అక్కడే పనిచేసిన లైబ్రేరియన్. ఊరి కట్టడాల నమూనాలు, ఉత్తరాలు, చిత్రపటాలు భద్రపరిచే ఆర్కైవు కూడా ఆ భవనంలోనే ఉంది. 2008 జూన్‌లో వరద వచ్చినప్పుడు మా గట్టు పక్క హాక్రీక్ వాగు పొంగి ఆసుపత్రిని కూడా ముంచేసింది. రోగులను తరలించి నెలల తరబడి మూసివేశారు. నేను వచ్చేనాటికే అది పాత కథ. అయినా ఆ రోజు నీళ్లు ఎంత మేర వచ్చాయో చెప్పే ఫోటోలూ పటాలూ ఈనాటికీ అడిగితే చూపిస్తారు.


పాత గుమస్తా జవాబు

మాస్టారు గారూ, నేను కోస్తాలోని ఒక మునిసిపాలిటీలో గుమస్తాగా చేరి, సూపరింటెండెంటుగా విరమించినవాణ్ణి. మీ రెండవ ప్రశ్న నాది. మొదటిదాని జోలికి వెళ్లను.

ముందు మన ఊరి వరస తెలుసుకుంటే ఏ కాగితం ఎక్కడ ఉంటుందో సులువుగా ఊహించవచ్చు. విశాఖపట్నంలో 1858లో ఏర్పడినది చట్టబద్ధమైన మునిసిపాలిటీ కాదు, పారిశుద్ధ్యం కోసం ఊరి పెద్దలూ అధికారులూ కలిసి పెట్టుకున్న స్వచ్ఛంద సంఘం. మద్రాసు ప్రభుత్వం 1865లో పట్టణాభివృద్ధి చట్టం తెచ్చిన తరువాతే పన్ను వేసే అధికారంతో మునిసిపాలిటీ నిలబడింది. ఆపైన 1884 చట్టం, దాని తరువాత 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చాయి. ఎన్నికైన సభ్యుల మాట కొద్దికొద్దిగా చెల్లుబాటు కావడం ఈ రెండింటి మధ్య కాలంలోనే చూస్తాము. 1979లో కార్పొరేషను అయింది, 1981లో మొదటి ఎన్నికలు జరిగాయి. 2005లో గాజువాక మునిసిపాలిటీనీ చుట్టుపక్కల 32 గ్రామాలనూ కలుపుకుని మహా విశాఖ నగరపాలక సంస్థ అయింది.

దీనిని బట్టి మీ పని మూడు ముక్కలవుతుంది. 1953కు ముందు మునిసిపాలిటీకీ ప్రభుత్వానికీ మధ్య నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు మద్రాసు ప్రభుత్వ దస్త్రాలు. అవి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. స్థానిక, పురపాలక శాఖ ఉత్తర్వులు అన్న శీర్షిక కింద ఏడాదివారీ సూచికలు తిరగేయాలి. అక్కడికి వెళ్లే ముందు కార్మైకేల్ 1869లో రాసిన జిల్లా మాన్యువల్‌నూ, ఫ్రాన్సిస్ 1907లో కూర్చిన జిల్లా గెజిటీరును చదువుకుని వెళ్లండి. లేకపోతే ఏ సూచికలో ఏ మాట వెతకాలో తెలియక రెండు రోజులు వృథా అవుతాయి. ఊళ్ల పేర్ల వర్ణక్రమం పాత ఇంగ్లీషులో ఉంటుంది. మన ఊరు ‘వైజాగపటం’, మీరు వెతికే వీధి ఇంకే రూపంలో ఉంటుందో ఊహించుకోవాలి.

రెండవ ముక్క కౌన్సిల్ మినిట్స్ పుస్తకాలు. ఇవి ఆయా మునిసిపాలిటీల దగ్గరే ఉండాలి. వీటి గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చదవడం రానివారికి ఇవి ఎండుగడ్డిలా కనిపిస్తాయి. ఒక్కో అంశానికి ఎడమవైపు ఆఫీసు నోటు ఉంటుంది, దాని కింద తీర్మానం ఉంటుంది. అసలు సంగతి నోటులో ఉంటుంది. ‘ఫలానా వీధివాసులు అర్జీ పెట్టుకున్నారు, ఓవర్సీరు వెళ్లి చూశాడు, ఇంత ఖర్చవుతుంది, బడ్జెట్టులో ఇంతే ఉంది’ అని గుమస్తా రాస్తాడు. తీర్మానం మాత్రం ‘ఆమోదించడమైనది’ అనో ‘తరువాతి సమావేశానికి వాయిదా వేయడమైనది’ అనో ఒక్క వాక్యం. మీ వీధికి కుళాయి ఎప్పుడు వచ్చిందో తీర్మానం చెబుతుంది, అంతకు ముందు ఎన్నేళ్లు అడిగారో వాయిదాలు చెబుతాయి. మీ పిల్లలకు రెండవదే బాగా నచ్చుతుందని నా నమ్మకం. మినిట్స్‌తో పాటు ఆస్తి పన్ను డిమాండు రిజిస్టర్లు కూడా అడగండి. ఇంటి నంబరు, యజమాని పేరు, పెంకుటిల్లా మేడా, ఎంత పన్ను అన్నవి వరసగా ఉంటాయి. ఒక వీధి పదేళ్లకొకసారి ఎలా మారిందో వాటిని మించి చెప్పేది లేదు.

సమాచార హక్కు చట్టం కింద నకళ్లు అడగడం కంటే రికార్డులను స్వయంగా పరిశీలించడానికి అనుమతి అడగడం మేలు. చట్టంలోని 2(జె) నిబంధన ఆ హక్కు ఇస్తుంది. ఇరవై ఏళ్లు దాటిన సంగతులకు మినహాయింపులు చాలా వరకు వర్తించవని 8(3)లో ఉంది. అర్జీకి రుసుము 10 రూపాయలు. అర్జీలో ‘వన్‌టౌను చరిత్ర మొత్తం’ అని రాయకండి, ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు కౌన్సిల్ తీర్మానాల పుస్తకాలు అని రాయండి. గుమస్తా కూడా మనిషే, దేనికోసం వెతకాలో తెలిస్తే వెతుకుతాడు.

మూడవ ముక్క గురించి చెప్పడానికి నాకే బాధగా ఉంది. 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో తీరింది. మళ్లీ ఎన్నికలు 2021 మార్చి 10న జరిగాయి. ఆ తొమ్మిదేళ్లూ ప్రత్యేకాధికారుల పాలన. పని ఆగిందని అనడం లేదు, రోడ్లు పడ్డాయి, దీపాలు మారాయి. కానీ ప్రత్యేకాధికారి తీర్మానం చేసేటప్పుడు ఎదుట ఎవరూ ఉండరు. ప్రతిపాదించినదీ ఆమోదించినదీ ఒకే సంతకం. హుద్‌హుద్ తుపాను వచ్చినది 2014 అక్టోబరు 12న, అంటే సరిగ్గా ఆ మధ్యలోనే. ఊరు అంతగా దెబ్బతిన్నప్పుడు ఏ వార్డులో ఏది ముందు బాగుచేయాలి అని కార్పొరేటర్లు పోట్లాడుకున్న మినిట్స్ అనేవి మన దగ్గర లేవు, ఎందుకంటే కార్పొరేటర్లే లేరు. యాభై ఏళ్ల తరువాత మీలాంటి మాస్టారు ఎవరైనా వెతికితే ఆయనకు ఉత్తర్వులు దొరుకుతాయి, వాదనలు దొరకవు.


భీమిలి గాలి జవాబు

మాస్టారు గారికి నమస్సులు. నేను కళాశాలలో చరిత్ర బోధిస్తాను, ఉండేది భీమునిపట్నం. పాత గుమస్తా గారు చెప్పినది ఎంతో విలువైనది. మీరు అచ్చువేసి దగ్గర పెట్టుకోండి. ఒక్క చిన్న చేర్పు, ఆపైన ఒక పెద్ద అభ్యంతరం.

చేర్పు ఏమిటంటే, మా భీమిలి మునిసిపాలిటీకి 1861 అనే సంవత్సరం చెబుతారు, విశాఖకు 1858 అంటారు, ఎవరు ముందు అని రెండు ఊళ్లవారూ తగువులాడుకుంటారు. స్వచ్ఛంద సంఘాన్ని లెక్కవేస్తే ఒక జవాబు, చట్టం కింద వచ్చిన మునిసిపాలిటీని లెక్కవేస్తే మరో జవాబు వస్తుంది కనుక మీ పుస్తకంలో ఏ అర్థంలో వాడుతున్నారో ఒక వాక్యంలో చెప్పండి. ‘దేశంలోనే మొదటిది’, ‘రెండవది’ అన్న బిరుదుల జోలికి వెళ్లకుండా ఉంటే ఇంకా మంచిది. 2013లో మమ్మల్ని విశాఖలో కలిపేశాక ఆ తగువుకు అర్థం పోయిందనుకోండి. డచ్చివారి సమాధులు, దీపస్తంభం, గంట స్తంభం మా ఊళ్లోనే ఉన్నాయి గానీ వాటి గురించి తీర్మానం చేయవలసిన సభ ఇప్పుడు ముప్పై కిలోమీటర్ల దూరాన నగరపాలక సంస్థ కార్యాలయమైన తెన్నేటి భవన్‌లో కూర్చుంటుంది.

ఇక అభ్యంతరం. మాస్టారు గారి ప్రశ్నలోనూ, గట్టువాసి గారి జవాబులోనూ ఊరి చరిత్ర అంటే భవనాలూ, వాటిని కట్టించినవారూ అన్న భావన ఉంది. కొలంబస్‌లో 1992లో తీర్చిదిద్దిన మిల్ రేస్ పార్కును మీరిద్దరూ చూసే ఉంటారు. నది ఒడ్డున అందమైన చోటు. ఆ నేలను ఒకప్పుడు ‘మృత్యులోయ’ అనే వెటకారపు పేరుతో పిలిచేవారు. తరచూ నీళ్లు వచ్చే పల్లంలో, తారుకాగితం కప్పిన గుడిసెల్లో, ఊరిలో చోటు దొరకని బీదవారు కాపురం ఉండేవారు. గుడిసెలు పోయాయి, తోట వచ్చింది. తోటను రూపొందించినవారి పేర్లు ప్రతి పర్యాటక పుస్తకంలోనూ ఉన్నాయి. గుడిసెల్లో ఉన్నవారి పేర్లు ఎన్ని పుస్తకాల్లో ఉన్నాయి?

అమెరికావారిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. మనదీ అదే కథ. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమం 1966లో జరిగింది, ఇందిరాగాంధీ గారు 1970 ఏప్రిల్‌లో పార్లమెంటులో ప్రకటన చేశారు, 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఈ మూడు తేదీలూ మా విద్యార్థులకు కంఠతా వచ్చు. కర్మాగారం కోసం ఖాళీ చేసిన ఊళ్ల పేర్లు చెప్పమంటే రెండో మూడో చెప్పి ఆగిపోతారు. ఆ ఊళ్లకు పంచాయతీలు ఉండేవి, వాటికీ తీర్మానాల పుస్తకాలు ఉండేవి. గాజువాక చుట్టుపక్కల పునరావాస కాలనీల్లో ఇంకా ఆ ముసలివాళ్లు కొందరున్నారు. ‘మా ఊరి చెరువు ఇప్పుడు ప్లాంటు లోపల ఉంది’ అని చెప్పేవారిని నేను స్వయంగా కలిశాను.

అందువల్ల మాస్టారు గారూ, మినిట్స్ పుస్తకాలు తప్పక చూడండి, కానీ వాటిలోనే ఆగిపోకండి. మునిసిపల్ దస్త్రంలో అర్జీ పెట్టుకోగలిగినవారే కనిపిస్తారు. వీధి ఊడ్చినవారు, మరుగుదొడ్లు శుభ్రం చేసినవారు, రేవులో మూటలు మోసినవారు అందులో జీతాల పద్దుగానో, తలల లెక్కగానో వస్తారు తప్ప మనుషులుగా రారు. మీ వీధికి కుళాయి రాకముందు నీళ్లు ఎవరు మోశారో అడగండి. ఆ ప్రశ్నకు జవాబు ఏ బీరువాలోనూ ఉండదు, ఏ అరుగు మీదో కూర్చున్న ఏ తొంభై ఏళ్ల అవ్వ దగ్గరో ఉంటుంది.


హాక్రీక్ గట్టువాసి మళ్లీ

భీమిలి మేడమ్ గారి అభ్యంతరాన్ని ఒప్పుకుంటున్నాను. పద్నాలుగేళ్లలో ఆ పార్కుకు ఎన్ని వందల సార్లు వెళ్లానో లెక్కలేదు గానీ, నేను గాజువాకవాడినై ఉండి కూడా ఆ పోలిక నాకు తట్టలేదు. మా తాతగారి ఊరు కూడా ఉక్కు కర్మాగారంలోనే కలిసిపోయింది.


లెక్కల కుర్రాడు జవాబు

పెద్దలందరికీ నమస్కారం. నేను నగర ప్రణాళిక చదువుతున్న విద్యార్థిని. నాకు ఈ పోలిక మొదటినుంచీ కొంత అన్యాయంగా అనిపిస్తోంది. మహా విశాఖలో ఇప్పుడు 98 వార్డులు ఉన్నాయి, ఒక్కొక్క వార్డులో సగటున సుమారు ఇరవై వేల మంది ఉంటారు. అంటే మన రెండున్నర వార్డులు కలిపితే ఒక కొలంబస్ అవుతుంది. ఆ రెండున్నర వార్డులంత ఊరికి వారు మేయరునూ, కౌన్సిల్‌నూ, బడుల బోర్డునూ, గ్రంథాలయ బోర్డునూ పెట్టుకున్నారు. మనకు అంతటి జనానికి ఇద్దరు ముగ్గురు కార్పొరేటర్లు.

కాబట్టి పోల్చవలసినది నగరపాలక సంస్థతో కాదు, వార్డుతో. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న చోట వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెబుతుంది. ఆ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులో ఉంది. అటువంటి కమిటీ నెలకోసారి కూర్చుని, ఏం మాట్లాడుకున్నదీ రెండు పేజీలు రాసిపెట్టినా గుమస్తా గారు చెప్పిన తొమ్మిదేళ్ల ఖాళీ అంత పెద్దదిగా ఉండేది కాదు. కౌన్సిల్ లేనప్పుడు కూడా వీధి ఉంటుంది కదా.


పాత గుమస్తా మళ్లీ

కుర్రాడు లెక్క బాగా వేశాడు. ఒక్క సవరణ మాత్రం చెబుతాను. కమిటీ కూర్చుంటే సరిపోదు, రాసేవాడికి జీతం ఉండాలి. మాస్టారు గారు కొలంబస్‌లో చూసిన ఆ రాసుకునే ఆవిడ స్వచ్ఛందంగా వచ్చి కూర్చోలేదు, అది ఆమె ఉద్యోగం. నా ముప్పై ఆరేళ్ల సర్వీసులో అందరికంటే ముందు ఖాళీగా మిగిలిపోయిన పోస్టు రికార్డు అసిస్టెంటుదే. చెదపురుగు ఒక్కటే క్రమం తప్పకుండా హాజరయ్యేది.


కోటవీధి మాస్టారు మళ్లీ

జవాబులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఉదయం టౌన్‌హాలు వరకు నడిచి వెళ్లి, కొంతసేపు అక్కడ నిలబడి వచ్చాను. గట్టువాసి గారు చెప్పిన మాట మనసులో పెట్టుకుని చూస్తే, ఆ భవనం మీద దాత పేరు వెతకడం కంటే, దానికి సున్నం వేయించిన తీర్మానాలు ఎన్ని ఉన్నాయో వెతకడం మేలనిపించింది. మా పుస్తకంలో ఒక అధ్యాయాన్ని దానికే కేటాయిస్తాను.

మేడమ్ గారూ, మీరు అడగమన్న ప్రశ్న ఇంట్లోనే అడిగి చూశాను. మా మేనత్తగారికి ఎనభై ఎనిమిదేళ్లు. వీధి కుళాయి రాకముందు మా ఇంటికి నీళ్లు కావిడితో తెచ్చిన మనిషి పేరు అడగగానే చెప్పింది. ఆయన ఉండే పేట పేరు చెప్పింది, బిందెకు ఎంత ఇచ్చేవారో చెప్పింది, మా నాయనమ్మ ఆయనను అరుగు దాటి లోపలికి రానిచ్చేది కాదన్న సంగతి కూడా, కొంచెం ఆగి, చెప్పింది. నేను ఇన్నేళ్లు ఆ ఇంట్లోనే ఉండి ఈ మాట వినలేదు. దానిని పుస్తకంలో రాయాలా వద్దా అని మా ఆవిడతో రాత్రి చాలాసేపు చర్చ జరిగింది. రాయాలని ఆమె, అత్తయ్య బ్రతికి ఉండగా వద్దని నేను. ఇంకా తేలలేదు.

గుమస్తా గారికి ఒక విన్నపం. సమాచార హక్కు అర్జీ ముసాయిదా తయారు చేశాను, 1920 నుంచి 1947 వరకు అని సంవత్సరాలు వేశాను. మీరు ఒకసారి చూసి సరిదిద్దితే సోమవారం ఇచ్చి వస్తాను. అనుమతి వచ్చాక ఆ పుస్తకాలు తిరగేసే రోజున మీరు కూడా పక్కన కూర్చోగలిగితే, పూర్ణామార్కెట్ దగ్గర టిఫిను నా ఖర్చు.